గుంజీలకు తగ్గ తప్పు

ఆ ఏడాది ములకలంకలో తప్పులకు కరువొచ్చింది. వానలు వేళకే పడ్డాయి, అరటి గెలలు మనిషెత్తు దిగాయి, గోదావరి కూడా అరుగుల దాకా మర్యాదగా వచ్చి మర్యాదగా వెనక్కి పోయింది. తప్పులే దొరకలేదు. ఉన్న కాసినీ జనం మొదటి వారంలోనే వాడేసుకున్నారు. ఆ తరవాత ఒక్క తప్పు కోసం పెద్ద పెద్ద సంసారులు పక్క ఊళ్ళకి పోయి, అక్కడా దొరక్క, ముఖాలు వేలాడేసుకుని చివరి పంటులో ఏరు దాటి తిరిగొచ్చిన రోజులున్నాయి.

ఈ కరువు పైనుంచి దిగింది.

రాజధానిలో మాతాపితృ దేహపటుత్వ విభాగం అని ఒకటుంది. ఆ విభాగం పెద్దాయన ఒకనాడు లిఫ్టు చెడిపోయి మూడో అంతస్తుకి మెట్లెక్కారు. రెండో అంతస్తులో ఆయాసమొచ్చి మెట్టు మీద కూర్చున్నారు. కూర్చున్నవారు ఊరికే ఉండక సెల్‌ఫోను తీస్తే, తీరికలేని తల్లిదండ్రులు ఇంటిపట్టున చేసుకునే వ్యాయామం గురించి ఇంగ్లీషులో ఏదో కనబడింది. జిమ్ము అక్కర్లేదు, ఇనప గుండ్లు అక్కర్లేదు, ఎవరి ఒళ్ళు వారికుంటే చాలు. మూడే మూడు కసరత్తులు, పది నిమిషాల్లో అయిపోతాయి. పెద్దాయనకి కళ్ళు చెమర్చాయి. రాష్ట్రంలో ఇంతమంది తల్లిదండ్రులుండి, ఎవరి ఒళ్ళు వారికుండి, ఇన్నాళ్ళూ దీనికో ఉత్తర్వు లేకపోవడమేమిటనుకున్నారు. మూడో అంతస్తు చేరేలోగా సంతకం పెట్టేశారు.

కాగితం అనువాద విభాగానికి వెళ్ళింది. అక్కడి అనువాదకుడు ముప్ఫై ఏళ్ళుగా భూసేకరణ నోటీసులు తప్ప మరొకటి ఎరగని మనిషి. మొదటి కసరత్తు ప్లాంకు. నిఘంటువు చూసి ‘బల్ల’ అని రాశాడు. ఫర్నిచరు వారు వెంటనే ‘పరికరములు లేని వ్యాయామమునకు ఇన్ని లక్షల బల్లలు ఎట్లు సరఫరా చేయవలయునో తెలుపగలరు’ అని అడిగారు. బల్ల కొట్టేశారు. రెండోది పుషప్పు. ‘పైకి తోయుట’ అని రాశాడు. ‘ఎవరిని పైకి తోయవలెననునది పదోన్నతులకు సంబంధించిన విషయము, కోర్టులో ఉన్నది’ అని ఉద్యోగుల విభాగం అడ్డుపడింది. అదీ కొట్టేశారు. మూడోది స్క్వాటు. ఈ మాట మాత్రం మన అనువాదకుడికి బాగా తెలుసు. ‘ప్రభుత్వ భూమిని ఆక్రమించుకొని కూర్చొనుట’ అని ధైర్యంగా రాశాడు. తల్లిదండ్రులంతా రోజుకి ఇరవైసార్లు ప్రభుత్వ భూమిని ఆక్రమించాలనేసరికి రెవెన్యూ వారు ఫైలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అప్పుడు టీ తెచ్చినాయన ఆ కాగితం మీది బొమ్మలో లేస్తూ కూర్చుంటున్న మనిషిని చూసి, "ఇయి గుంజీలు గదండి," అన్నాడు.

అలా గుంజీలు నిలిచాయి.

ఉత్తర్వు ఇది. ప్రాథమిక పాఠశాలలో చదివే ప్రతి బిడ్డ తల్లీ తండ్రీ ఇంటి దగ్గరే రోజుకి ఇరవై గుంజీలు, ఇరవై ఒక్క రోజులు తియ్యాలి. తీసి, బడికి వెళ్ళి రిజిస్టర్లో రాయించుకోవాలి. అలా రాయించుకోని వారి పిల్లలకి బడి నుంచి ఏ కాగితమూ ఇవ్వరు. కొత్త రిజిస్టర్లు అచ్చు వెయ్యడానికి నిధులు లేవు గనక, ‘గుంజీలకు సంబంధించి పాఠశాలలో ఇదివరకే నిర్వహణలో ఉన్న రిజిస్టరునే వాడుకొనవలెను. ఏ గడియు ఖాళీగా ఉంచరాదు. ఖాళీ గడి గల వరుస చెల్లదు.’

ములకలంక బడిలో గుంజీల రిజిస్టరు ఉంది. ఉండదా మరి? హెడ్మాస్టరు పేర్రాజుగారు పద్ధతి గల మనిషి. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల చేత తీయించిన ప్రతి గుంజీకీ ఆయన దగ్గర లెక్క ఉంది. అందులో అయిదు గళ్ళు. తేదీ, పేరు, ఎన్ని గుంజీలు, చేసిన తప్పు, సంతకం.

అదిగో, ఆ నాలుగో గడి దగ్గరే నూకరత్నం ఇరుక్కుంది.

నూకరత్నానిది రేవులో టిఫిను బండి. ఇడ్లీ, అట్టు ఎవరైనా వేస్తారు గానీ, నూకరత్నం వేసే దిబ్బరొట్టె కోసం అవతలి ఒడ్డు నుంచి పంటెక్కి వచ్చేవారు. దళసరి ఇనప మూకుడులో మినప్పిండి పోసి, మూత పెట్టి, కింద సన్నటి నిప్పుల సెగ మీద వదిలేస్తుంది. ముప్పావు గంట దాని జోలికెవరూ పోకూడదు. మొగుడు గంగరాజుకో ఆటో ఉంది. ఆయన తోచినప్పుడు తోలుతాడు. వీళ్ళకి ఒక్కతే కూతురు, దేవిక. ఆ పిల్ల గురుకులం పరీక్ష రాసి, అయిదో తరగతిలో సీటు తెచ్చుకుంది. ములకలంకలో ఇంతవరకూ ఎవరికీ రాని సీటు. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున్న పది గంటల్లోగా బడి నుంచి టీసీ తెచ్చి చూపిస్తే పిల్లని చేర్చుకుంటారు, లేకపోతే ఆ సీటు జాబితాలో తరవాతి పిల్లకి పోతుంది. ఆ కబురొచ్చిన సాయంత్రమే గుంజీల ఉత్తర్వూ వచ్చింది.

గుంజీలు నూకరత్నానికో లెక్క కాదు. పొయ్యి దగ్గర రోజుకి మూడు వందలసార్లు కూర్చుని లేచే మనిషి. ఇడ్లీల కింద నీళ్ళు కాగేలోగా చెవులు పట్టుకుని ఇరవై తీసి పారేసి, చెయ్యి కడుక్కుని, బడికి వెళ్ళింది.

"ఇరవై తీసేనండి మేస్టారూ. రాసుకోండి."

పేర్రాజుగారు తేదీ రాశారు, పేరు రాశారు, ఇరవై రాశారు, కలం ఆపారు. "తప్పేమిటమ్మా?"

"తప్పేటండి?"

"నాలుగో గడి. ఏం తప్పు చేశావని తీశావు?"

"నేనేం తప్పూ చెయ్యలేదండి."

"చెయ్యకుండా గుంజీలెందుకు తీశావు?"

"మీరే గదండి తియ్యమన్నారు."

"నేను తియ్యమన్నది వ్యాయామానికి."

"నేనూ అందుకే తీసేనండి."

"అలా రాయడానికి గడి లేదమ్మా," అన్నారు పేర్రాజుగారు బాధగా. రిజిస్టరు వెనక్కి తిప్పి చూపించారు. "చూడు. ఇరవై ఆరేళ్ళలో తప్పు లేని గుంజీ ఒక్కటి లేదు. ‘పక్కవాడి పలక నాకినాడు.’ ‘ఎక్కాల మధ్యలో నవ్వినాడు.’ అన్నిటికీ కారణం ఉంది. నువ్వు ఏ తప్పూ లేకుండా ఇరవై తీసి నా ముందు నించుంటే, నేను పైవాళ్ళకి ఏం జవాబు చెప్పను? ఆలోచించుకుని రా. దేవిక టీసీ ఇవ్వాలని నాకు మాత్రం ఉండదా?"

ఆ వెనకే గంగరాజు వచ్చాడు. ఆయనకి ఆలోచన అక్కర్లేకపోయింది.

"రాసుకోండి మేస్టారూ. నిన్న రేవుకాడ ఎక్కినాయన కోర్టెంత దూరం అనడిగితే ఇక్కడే అని చెప్పి నాలుగు మైళ్ళు తిప్పేను. మొన్న మా బామ్మర్ది సైకిలు అడక్కుండా అట్టుకెల్లి, గాలి తీసేసి పెట్టేను. అటుమొన్న..."

"రోజుకొకటే గంగరాజూ."

"మిగతాయి రేపటికి అట్టిపెట్టండి. మళ్ళీ మర్సిపోతాను."

గంగరాజు వరసలకి ఒక్కదానికీ ఆక్షేపణ రాలేదు. ఇరవై ఒకటో రోజున పేర్రాజుగారు అడుగున కూడిక వేసి, మొత్తం గుంజీలు నాలుగు వందల ఇరవై అని రాసి, ఉత్తమ తండ్రి అని ధ్రువపత్రం ఇచ్చారు. దాన్ని గంగరాజు ఆటోకి ముందు అద్దం మీద అంటించుకున్నాడు. ఎక్కినవాళ్ళు ‘ఉత్తమ తండ్రి, 420’ అని చదివి, దిగిపోయి, నడిచెళ్ళేవారు.

ఈలోగా ఊరంతా తప్పుల మీద పడింది. పోస్టుమాను ముందే చెప్పి, ఒప్పించి, ఎదురింటివాళ్ళ ఉత్తరం పక్కింట్లో వేశాడు. ఇద్దరు పిల్లల తండ్రి ఒకాయన వీధిలో అరటితొక్క వేసి, ఎవరైనా జారతారేమోనని పొద్దుగూకే దాకా కాపలా కాసి, ఎవరూ జారకపోతే తనే జారాడు. అది చెల్లలేదు, తనకి తను చేసుకున్నది తప్పు కాదు, నష్టం అన్నారు. బడి ఎదురుగా ఒక పాక లేచింది. ‘ఇచ్చట కుటుంబాలకు తగిన తప్పులు సూచించబడును’ అని బోర్డు. దాని మీద ఇంకో ఉత్తర్వొచ్చింది. ఒకరు చేసిన తప్పు మరొకరు చెయ్యరాదు, ఒకసారి చేసిన తప్పు రెండోసారి చెల్లదు. అక్కడితో ఊళ్ళో ఉన్న తప్పులు అడుగంటాయి.

నూకరత్నం మాత్రం రోజూ ఇరవై గుంజీలు తీస్తూనే ఉంది, నాలుగో గడి కోసం వెతుక్కుంటూనే ఉంది. అలవాటు లేని పని గనక కుదిరేది కాదు.

మొదట లెక్కలో మోసం చేద్దామనుకుంది. పొట్లంలో నాలుగు ఇడ్లీలకి మూడే కట్టాలని గట్టిగా మనసులో అనుకుని, కళ్ళు మూసుకుని కట్టేసింది. పంటు నడిపే బుల్లియ్య పావుగంటకి తిరిగొచ్చాడు.

"ఏమ్మా, అయిదు కట్టేసేవు. ఇదిగో నీ ఇడ్లీ."

"అట్టుకెల్లిపో బుల్లియ్యా, నీకు పుణ్యముంటది."

"ఊరికే ఎందుకు తినాలమ్మా. తప్పు గదా," అని ఆ ఇడ్లీ బండి మీద పెట్టి వెళ్ళాడు. చేతికందిన ఒక్క తప్పూ అతను చెయ్యకుండా వదిలేసి పోయాడు.

తరవాత అత్తగారిని తిడదామనుకుంది. అత్తగారు సూరాయమ్మకి ఎనభై దాటాయి, చెవులు సరిగా పనిచెయ్యవు. నూకరత్నం నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, ఎదురుగా నిలబడింది.

"ఏం అత్తా, ముసలిదానివి, ఓ మూల కూకోలేవా?"

"ఏటే?"

"ఓ మూల కూకోలేవా అంటన్నాను."

"గట్టిగా చెప్పవే."

మూడోసారి అరిచిన అరుపుకి చూరు మీది పావురాలు లేచిపోయాయి. సూరాయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూకరత్నానికి హమ్మయ్య అనిపించింది. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది.

"పదేళ్ళయ్యిందే తల్లీ నాతో ఇంత బాగా ఎవరైనా మాటాడి. అందరూ పెదాలాడించుకుని పోతారు. ఒక్క ముక్క ఇనపడదు. రేపు కూడా తిట్టవే, మందేసుకున్నాక."

అలా ఇరవై ఒక్క రోజులు గడిచాయి. నూకరత్నం పేరు మీద ఇరవై ఒక్క వరసలున్నాయి. వాటిలో తప్పుల్లాంటివి ఏవేవో రాసి ఉన్నాయి గానీ, చెల్లుతాయా లేదా తేల్చాల్సింది డివిజనల్ దోష ధ్రువీకరణాధికారి. ఆయన శుక్రవారం నాడు వచ్చారు. గురుకులానికి వెళ్ళాల్సింది ఆదివారం పొద్దున్న.

ఆయన పేరు గజవల్లి చిదంబరరావు. సన్నగా, పొడుగ్గా, ఉత్తర్వులోంచి కత్తిరించి తీసినట్టుంటారు. ముందు రోజు సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు, ఎందుకంటే తనిఖీకి వెళ్ళిన ఊళ్ళో తింటే అది లంచం కింద వస్తుందని ఆయన నమ్మకం. బడి వరండాలో కుర్చీ వేసుకుని, నూకరత్నం వరసలు ఒక్కొక్కటే చదివారు.

"వరుస ఒకటి. ఇడ్లీ ఒకటి తక్కువ కట్టుట. సాక్షి బుల్లియ్య ఒకటి ఎక్కువ వచ్చినట్లు వాంగ్మూలమిచ్చియున్నాడు. కావున సదరు చర్య దోషముగా పరిగణింపబడజాలదు. వరుస రెండు. అత్తగారిని దూషించుట. బాధితురాలు వేలిముద్రతో కృతజ్ఞతాపత్రము సమర్పించియున్నది. కొట్టివేయడమైనది. వరుస మూడు. రొట్టె మాడ్చుట."

"అది నిజంగా మాడ్చేనండి," అంది నూకరత్నం ఆశగా. "కావాలనే మాడ్చేను."

"సదరు మాడిన భాగము కొరకు ఇద్దరు ఖాతాదారులు కొట్టుకొనినట్లు విచారణలో తేలినది. కొట్టుకొనుట వారి దోషము. వారు వాడుకొనియున్నారు."

ఇరవై ఒకటీ పోయాయి. దేవిక వరండా స్తంభం దగ్గర నిలబడి చూస్తోంది. కొత్త సూట్‌కేసు కొనిపెట్టారు దానికి. అది ఇంట్లో సర్ది ఉంది. నూకరత్నం పిల్ల వైపు చూడలేక రిజిస్టరు వైపు చూసింది.

"అయ్యా, ఖాళీగా ఉంచడం తప్పని రాసుందంట గదండి. మరయితే ఖాళీగా ఉంచేసేనని, అదే నా తప్పని రాసుకోండి."

చిదంబరరావు ముఖం వికసించింది. "సమంజసముగా ఉన్నది," అని కలం తీశారు. ఆపారు. "కానీ, అట్లు వ్రాసినచో గడి ఖాళీగా ఉండదు. ఖాళీగా లేనిచో దోషము లేదు. దోషము లేనిచో వ్రాయుటకు ఏమియు లేదు. వ్రాయనిచో గడి ఖాళీ. ఖాళీ అయినచో..." ఇలా మూడుసార్లు చుట్టూ తిరిగి, కుర్చీ చేతులు పట్టుకుని, మంచినీళ్ళడిగారు. "ఈ అంశమును పైకి నివేదించెదము. సమాధానము ఆరు నెలలలో రాగలదు."

"పిల్ల ఎల్లుండి ఎల్లాలండి."

"అత్యవసర సందర్భములకు పట్టిక కలదు." సంచిలోంచి ఒక పొడుగాటి కాగితం తీశారు. "చిన్న దోషములు ఒక్కొక్కటి ఒక దినమునకు సరి. మధ్యరకము ఏడు దినములకు. మహాదోషము ఒక్కటి చేసినచో ఇరువది యొక్క దినములకునూ చెల్లును. ఉదాహరణకు, వంతెన కూల్చుట."

"మా ఊరికి వంతెన లేదండి. పంటే."

"అది ప్రభుత్వ దోషము. మీరు వాడుకొనరాదు," అని ఆయన పట్టిక మడిచి పేర్రాజుగారి చేతికిచ్చారు. "రేపటి దినమున నాకు అవతలి ఒడ్డున ఏడు గ్రామముల తనిఖీ కలదు. సాయంకాలము అయిదు గంటల లోపల తగిన మహాదోషము సమర్పించినచో సంతకము చేయగలను."

ఆ రోజు ఇంటికెళ్ళాక గంగరాజు పెళ్ళాన్ని ఊరడించాలని చాలా ప్రయత్నం చేశాడు.

"నా వాటిల్లో ఓ పది ఇచ్చేద్దునే రత్నం. మార్చుకోనివ్వరంట."

"నీలాంటి మొగుణ్ణి కట్టుకున్నాను. అది తప్పు కింద రాదా?"

"అదీ అడిగేను మేస్టార్ని. మీ నాన్న పేరు మీద రాయాలంట."

శనివారం పొద్దున్న నూకరత్నం బండి పెట్టింది గానీ మనసు లేదు. ఇడ్లీలు వేస్తే కూతురు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతోంది. అందుకని నిలబడి తిప్పక్కర్లేని దిబ్బరొట్టె ఒకటి మూకుట్లో పోసి, మూత పెట్టి, నిప్పులు సర్ది, గట్టు మీద కూర్చుంది. చిదంబరరావుగారు ఎనిమిదింటి పంటు కోసం రేవుకొచ్చారు. పంటు అవతలి ఒడ్డున ఉంది. ఆయన బండి పక్క బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు.

మూతకింద నుంచి వాసన మొదలైంది. మినప్పిండి, జీలకర్ర, కాలుతున్న నూనె అంచు. గాలి కూడా ఆ రోజు ఇటునుంచే వీస్తోంది. గురువారం సాయంత్రం నుంచీ కడుపులో ఏమీ లేని చిదంబరరావుగారు మూకుడు వైపు తిరిగారు.

"అది ఏ పదార్థము?"

"దిబ్బరొట్టండి."

"ఎంతసేపటిలో సిద్ధమగును?"

"దాని ఇష్టమండి. తొందర పెడితే లోపల పచ్చిగా ఉండిపోద్ది."

పంటు వచ్చింది. బుల్లియ్య గంట కొట్టాడు. చిదంబరరావుగారు లేచి నిలబడి, మూకుడు వైపు చూసి, మళ్ళీ కూర్చున్నారు. "తరువాతి పంటులో వెళ్ళెదను. మూల్యము చెల్లించి తినెదను. మూల్యము చెల్లించినచో లంచము కాదు." పంటు వెళ్ళిపోయింది.

రొట్టె దిగింది. పైన ఎర్రగా పెళపెళలాడుతూ, లోపల దూదిలా మెత్తగా. నూకరత్నం దాన్ని నాలుగు ముక్కలు చేసి, పక్కన గిన్నెలో చెరకు పానకం పోసింది. ఆవిడ మనసులో ఏ ఎత్తూ లేదు. ఆకలితో ఉన్న మనిషి ముందు కూర్చుంటే పెట్టడం తప్ప ఆవిడకి వేరే తెలీదు. ఆయన మొదటి ముక్క పానకంలో ముంచి నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూశారు. మళ్ళీ తెరవడానికి కొంచెం టైము పట్టింది.

"మరొకటి," అన్నారు.

"ముప్పావుగంటండి."

"వేచియుండెదను."

తొమ్మిదింటి పంటు పోయింది. పదకొండింటి పంటు పోయింది. బుల్లియ్య ప్రతిసారీ గంట కొట్టడం, ఆయన ప్రతిసారీ చెయ్యూపి పొమ్మనడం. ఒంటిగంటకి ఆయన కోటు విప్పారు. రెండింటికి తన చిన్నప్పుడు తాతగారింట్లో ఇలాంటి రొట్టె తిన్నానని, ఆ తరవాత పరీక్షలు రాసి ఉద్యోగంలో చేరాక మళ్ళీ ఎప్పుడూ తినలేదని మామూలు మనిషిలా మామూలు మాటల్లో చెప్పారు. మూడింటికి బల్ల మీద పడుకుని నిద్రపోయారు. లేచి ఇంకొకటి వెయ్యమన్నారు.

నాలుగున్నరకి పేర్రాజుగారు రేవుకొచ్చారు. సంచిలో రిజిస్టరు, చేతిలో పట్టిక. ఊళ్ళో తిరిగి నూకరత్నానికో మహాదోషం దొరుకుతుందేమోనని చూశారు గానీ లేదు. అధికారి అవతలి ఒడ్డు నుంచి వస్తే కాళ్ళావేళ్ళా పడదామని వచ్చారు. చూస్తే అధికారి ఇవతలి ఒడ్డునే ఉన్నారు, గడ్డం మీద పానకంతో.

"ఏడు ఊళ్ళూ అయిపోయాయా సార్?"

చిదంబరరావుగారు గడియారం చూసుకున్నారు. నిలబడ్డారు. మళ్ళీ చూసుకున్నారు. ముఖం తెల్లగా పాలిపోయింది. "ఒక్కటి కూడా కాలేదు," అన్నారు. ఆ తరవాత నూకరత్నం వైపు తిరిగారు. కోపం రావడంతో పాత భాష వెనక్కొచ్చింది. "ఏమమ్మా, ఇది మీ నిర్వాకము. ఎనిమిది గంటల నుండి ఒకదాని వెంట ఒకటి వండి పెట్టుచు నన్నీ బల్లకు కట్టివేసితిరి. మీరు నా విధులకు ఆటంకము కలిగించితిరి."

నూకరత్నం తల దించుకుంది. "తప్పయిపోయిందండి," అంది. నిజంగానే అంది. పాపం పెద్దమనిషి, ఏడు ఊళ్ళవాళ్ళు ఎదురు చూస్తుంటారు కదా అనిపించింది.

పేర్రాజుగారు సంచి చంకన పెట్టుకున్నారు. పట్టిక గబగబా విప్పి, వెనకవైపు తిప్పి, వేలు పెట్టి వెతికి, ఒకచోట ఆగారు. "సార్, ఇప్పుడన్నమాట మళ్ళీ ఒకసారి అనండి."

"ఆటంకము కలిగించినది అంటిని."

"ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించుట. మహాదోషం, పద్నాలుగో అంశం. ఇరవై ఒక్క రోజులకి సరి." రిజిస్టరు తెరిచి, బల్ల మీద పెట్టి, నాలుగో గడిలో కలం ఆనించారు. "దేని ద్వారా అని రాయమంటారు?"

చిదంబరరావుగారికి అప్పటికి అర్థమైంది. అధికారులు ఆలోచించేటప్పుడు బయటికి చదువుతారు, అలవాటు. "ఆటంకము జరిగినదని ఒప్పుకొన్నచో ఈమెకు మహాదోషము సిద్ధించును. జరగలేదన్నచో..."

"తమరు తొమ్మిది గంటలపాటు విధులు మాని, స్వయంగా, ఎవరి బలవంతమూ లేకుండా దిబ్బరొట్టె తిన్నట్టు రాయాలి సార్," అన్నారు పేర్రాజుగారు వినయంగా. "ఎన్ని తిన్నారమ్మా?"

"తొమ్మిదండి. పదోది పొయ్యి మీదుంది."

అయిదుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది. గట్టు మీద దేవిక, గంగరాజు, బుల్లియ్య, సూరాయమ్మ, అందరూ వచ్చి నిలబడ్డారు. ఏం జరుగుతోందో సూరాయమ్మకి వినబడలేదు గానీ, కోడలు మంచి పనేదో చేసిందని అనుకుని నవ్వుతోంది. చిదంబరరావుగారు కలం అందుకున్నారు. తన చేత్తోనే రాశారు. ‘పై పేరు గల స్త్రీ దిబ్బరొట్టె ద్వారా నా విధులకు ఉదయము ఎనిమిది గంటల నుండి నిర్విరామముగా ఆటంకము కలిగించినది. ఆటంకము అధిగమించుటకు వీలు కాని స్థాయిలో ఉన్నది.’ సంతకం, తేదీ. పేర్రాజుగారు అక్కడే బల్ల మీద టీసీ రాసి, ముద్ర గుద్ది, దేవిక చేతికే ఇచ్చారు.

నూకరత్నం కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇప్పుడు తప్పు చేసేను గదండి, దీనికెన్ని గుంజీలు తియ్యమంటారు?" అని అడిగింది.

"ముందే తీసేశావమ్మా," అన్నారు పేర్రాజుగారు. "చెల్లు."

చిదంబరరావుగారు కోటు తొడుక్కున్నారు. పంటెక్కబోయి ఆగి, ఎటో చూస్తూ, "ఆ పదోది పొట్లము కట్టినచో దారిలో ఆటంకపడెదను," అన్నారు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకే గురుకులంలో టీసీ చూపించారు. అక్కడి వార్డెనమ్మ కాగితం రెండువైపులా చదివి, పిల్ల ప్రవర్తన ‘ఉత్తమం’ అన్నచోట తలూపి, తల్లి పేరు పక్కన ‘మహాదోషము’ అన్నచోట ఆగి, కళ్ళజోడు సర్దుకుని, నూకరత్నాన్ని పై నుంచి కింద దాకా చూసింది. దేవికని లోపలికి పంపింది. నూకరత్నం గేటు దగ్గర కాసేపు నిలబడి ఏడ్చి, గంగరాజు ఆటోలో ఇంటికొచ్చేసింది.

సోమవారం ఏడున్నరకి పంటు మీంచి దిగిన జీపొకటి రేవులో ఆగింది. నలుగురు అధికారులు దిగారు. నలుగురి చేతుల్లోనూ సంచులు, నలుగురి కోట్లకీ బొత్తాలు పూర్తిగా పెట్టి ఉన్నాయి. వాళ్ళలో పెద్దాయన బండి దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నారు.

"మేము జిల్లా కేంద్రము నుండి వచ్చుచున్నాము. ఇచ్చట ప్రభుత్వ విధులకు ఆటంకము కలిగించబడునని నివేదిక అందినది."

నూకరత్నం మూకుడు పొయ్యి మీద పెట్టి, నిప్పులు సర్దింది.

"ఆయ్, కలిగిత్తానండి. కూకోండి బాబూ. ఎంతసేపు కావాలండి?"

నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"సాయంకాలము అయిదు గంటల వరకు," అన్నారు పెద్దాయన, బల్ల మీద కూర్చుంటూ.